ఎడమకి నడిచిన టోపీ

టోపీలోంచి ఒక్క చుక్క కారలేదు. వచ్చిన చిక్కంతా అదే.

ఫౌస్తీనో ముసలాయన కూజాని అడుగుదాకా వంపేశాడు. టోపీ అంచుని రెండు చేతులా పట్టుకుని ఎండకెదురుగా ఎత్తాడు. మనవడి బుల్లి టోపీ నీళ్ళతో ఉబ్బి మేకపొదుగులా వేలాడింది. కింద రాతిపలకలు పొడిగా ఉన్నాయి. ఆయన కాళ్ళకున్న టైరు చెప్పులూ పొడిగానే ఉన్నాయి.

"ఊఁ," అన్నాడు.

"చూశావా నాన్నా!" కొడుకు నజారియో గంతేసినంత పని చేశాడు. "ఇంకో కూజా పొయ్యి. సరస్సంతా తోడి తెచ్చి పొయ్యి. నేను నిలబడే ఉంటా!"

"ఊఁ," అన్నాడు ముసలాయన మళ్ళీ.

గోడవార కూచుని బంగాళాదుంపలు ఏరుతున్న రుఫీనా తలెత్తలేదు. మామగారి ఊఁలన్నీ ఆమెకి కంఠతా వచ్చు. గొర్రె కవలల్ని ఈనితే ఒక ఊఁ. కోకా ఆకు చేదుగా ఉంటే ఒక ఊఁ. ఇది ఆ రెండూ కాదు. పొలంలో కొత్త కాలిముద్ర చూసినప్పుడు అనే ఊఁ ఇది.

ఇంకో ఇంట్లో అయితే ఈపాటికి సంబరం మొదలయ్యేది. పిల్లనిచ్చే మామ పెళ్ళికొడుకు తన చేత్తో అల్లిన టోపీలో నీళ్ళు పోసి చూడటం ఈ సరస్సు నడిమి దీవిలో తాతలనాటి మాట. మగాడి అల్లిక ఎంత గట్టిదో మాట అంత గట్టిదని పెద్దల లెక్క. ఫౌస్తీనో అక్కడితో ఆగే మనిషి కాదు. మనవడికి పుట్టువెంట్రుకలు తీసే ముందు, ఆ బోడితల మీద పెట్టబోయే, తండ్రి అల్లిన టోపీకి కూడా నీళ్ళు పోసి తీరాలని తన గడపలోపల సొంత కట్టుబాటు ఒకటి పెట్టుకున్నాడు. ఆ ముచ్చట ఈ ఆదివారం. పిల్లాడికి పేరుపెట్టిననాడు పెద్దగా నిలబడ్డ సిరీలో అనే జ్ఞానతండ్రి అవతలి ఒడ్డు నుంచి కత్తెర పట్టుకుని వస్తున్నాడు.

నజారియో పెళ్ళినాటి టోపీ కథ దీవంతా తెలిసిందే. రుఫీనా తండ్రి అందులో నీళ్ళు పోస్తే, పోసినవి పోసినట్టే దిగి ఆయన కాళ్ళు కడిగాయి. ఆయన కిందికి చూసుకుని, "కాళ్ళు కడిగించుకున్నాక పిల్లనివ్వక తప్పుతుందా!" అని నవ్వేశాడు. పిల్లనైతే ఇచ్చాడు గానీ, పేరు కూడా ఆ రోజే పడిపోయింది. జల్లెడ. పడవల వరసలో పిలిచినా జల్లెడే, పొలం పంపకంలో పిలిచినా జల్లెడే. పూజారయ్య కూడా ఒకసారి గుడిలో నోరు జారాడు.

రుఫీనా జల్లెడ పెళ్ళాం అయి ఏడేళ్ళు. అది ఆమె ఎప్పుడో మింగేసింది. ఆమధ్య రేవు దగ్గర ఎవరో నాలుగేళ్ళ కొడుకు ఎల్మెర్‌ని చూసి "పిల్ల జల్లెడ" అన్నారు. అది మాత్రం గొంతు దిగలేదు.

"ఏవయ్యా," అంది గడపమీద కదురు తిప్పుతున్న అత్త పెత్రోనా. "టోపీ కారితే ఏడుస్తావు, కారకపోతే ఏడుస్తావు. నీకు ఏం కావాలో పైవాడికన్నా తెలుసా?"

"నాకు నిజం కావాలి."

"ఈ వయసులో అదెందుకు?"

ముసలాయన ఆ మాట విననట్టు కొడుకు వైపు తిరిగాడు.

"ఒరేయ్, మా నాన్న టోపీ సంగతి నీకు చెప్పానా?"

"చెప్పావు."

"మళ్ళీ విను. తుపానులో పడవ రెండు ముక్కలైంది. మా నాన్న కంగారు పడ్డాడా? పళ్ళేదు. నెత్తిమీద టోపీ తీశాడు, నీళ్ళమీద బోర్లా పెట్టకుండా వెల్లకిలా పెట్టాడు, అందులో కూచుని గట్టుకొచ్చాడు. తల తడవలేదు."

"టోపీలో మనిషి ఎలా పడతాడు మావా?" అంది రుఫీనా. ఆ ప్రశ్న అడగడం ఈ ఇంటి కోడలి ధర్మం. అడక్కపోతే అనుమానం వస్తుంది.

"తడిసి సాగిందమ్మాయ్!"

"పోయినసారి గొర్రె కూడా ఉందన్నావు," అంది పెత్రోనా.

"ఉంది. అంచు మీద కూచుంది." ఆయన కంట్లో నవ్వు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. "అలాంటి ఇంట్లో పుట్టాడు వీడు. వీడి అల్లికలోంచి కప్పలు రాకపోకలు సాగిస్తాయి. ఇవాళేమో చుక్క కారలేదు. నేను సంతోషించాలా, శాంతి చేయించాలా?"

"నేను అల్లకపోతే ఇంకెవరు అల్లుతారు?" నజారియో గొంతు పెరిగింది. "దున్నిన చేలోకి పోతూ అల్లాను, వస్తూ అల్లాను. ఎల్మెర్ నా పక్కనే ఉన్నాడు. నువ్వూ చూశావు!"

"చూశాను. చూశాను కాబట్టే పరువు పోతుందని తిండి సయించలేదు. ఆ టోపీ ఇది కాదు."

"అదే దారం! అవే రంగులు!"

"దారం అదే. చెయ్యి అది కాదు."

"ఉతికాను మావా," అంది రుఫీనా. "వేణ్ణీళ్ళలో. ఊలు కదా, ముడుచుకుని గట్టిపడింది."

ఎవరూ అడగలేదు ఆమెని. ఆ సంగతి మాట నోరు దాటాక తెలిసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. గడపమీద కదురు ఆగింది.

ముసలాయన టోపీలో నీళ్ళు తులసికోటకి పోసినంత భక్తిగా గోడపక్క కషాయానికి పెంచిన మునా మొక్కకి పోశాడు. పిండాడు. లోపలివైపు బయటికి తిప్పాడు. అంచు నుంచి కొనదాకా చూపుడువేలి గోరుతో మెల్లగా గీసుకుంటూ పోయాడు.

"ఉతికితే టోపీ చిన్నదవుతుంది. ఒప్పుకున్నా. గట్టిపడుతుంది. అదీ ఒప్పుకున్నా. కుడికి నడిచే టోపీ ఎడమకి నడుస్తుందా అమ్మాయ్?"

ఆమె జవాబుకి ఆగకుండా కొడుకుని పిలిచాడు.

"ఇలా రారా. చూడు. గుండ్రంగా అల్లుకుంటూ ఒక వరస పూర్తయి పై వరస ఎక్కేచోట రంగు చిన్న మెట్టు పడుతుంది కదా? ఆ మెట్లు ఎటు ఎక్కుతాయి?"

నజారియో తన నెత్తిమీది ఎర్రటోపీ తీసి చూసుకోలేదు. చూడక్కర్లేదు. దీవిలో ప్రతి మగాడికీ తెలిసిందే. "కుడికి."

"ఇందులో?"

కింద రేవులో ఎవరో పడవని రాళ్ళమీదికి లాగుతున్న చప్పుడు వినిపించింది.

"ఎడమకి," అన్నాడు నజారియో.

"దీవిలో ఎడమకి నడిచే టోపీ అల్లేవాడు ఒక్కడే ఉన్నాడు."

పేరు ఎవరూ అనలేదు. అనక్కర్లేదు. సిల్వానో ఎడంచేతివాటం. రుఫీనా తండ్రి ముందుకి మొట్టమొదట వచ్చింది సిల్వానో టోపీయే. అది నీళ్ళని కంచుచెంబులా పట్టి నిలబడింది. మర్నాడు వచ్చిన నజారియో టోపీ కాళ్ళు కడిగింది. "ఏ టోపీ కావాలే?" అని తండ్రి అడిగితే, ఈ పిచ్చిది వేలు పెట్టి కారే టోపీని చూపించింది. ఎందుకని ఊరంతా అడిగింది. టోపీ కారుతున్నప్పుడు నజారియో సిగ్గుపడకుండా అందరికంటే ముందు తనే నవ్వాడని, ఆ నవ్వు నచ్చిందని ఆమె ఎవరికీ చెప్పలేదు. అతనికి కూడా.

ఇప్పుడు అతను నవ్వడంలేదు. ఆమె వైపు ఒక్కసారి చూసి, గోడ అవతలికి, సరస్సు మీదికి చూపు తిప్పుకున్నాడు.

*

"వాడు ఇక్కడికొచ్చాడా, నువ్వు అక్కడికెళ్ళావా?"

వంటింట్లో పొయ్యి ముందు కూచోగానే పెత్రోనా వేసిన మొదటి ప్రశ్న ఇది. పొయ్యిమీద కినువా జావ ఉడుకుతోంది. పొగ బయటికి పోదామా వద్దా అని ఇంటి కప్పు కింద ఆలోచించుకుంటోంది.

"అత్తా! నన్నేనా అంటున్నావు?"

"అనడంలేదు. అడుగుతున్నా. రేపు ఊరు అంటుంది, అది అడగదు. అందుకని నేను ముందు అడుగుతున్నా."

"సిల్వానో నీడ కూడా ఈ గుమ్మం తొక్కలేదు."

"మావాడు హుల్యాకా పట్నంలో ఇటుకలు మోస్తున్న నెల్లాళ్ళూ నువ్వు దుంపల గదిలో తలుపేసుకుని ఏం చేసినట్టు? దుంపలకి జోలపాట పాడావా?"

రుఫీనా గరిటె తిప్పింది. జావ అడుగంటకపోయినా తిప్పింది.

"ఎలకలు పడుతున్నాయి, చూసుకున్నా."

"మా కాలంలో ఎలకలకి తలుపేసేవాళ్ళం కాదు," అంది పెత్రోనా. కానీ ఆ ముసలిదాని చూపులో కోపం కంటే ఇంకేదో ఎక్కువగా ఉంది. కుండలో ఏం ఉడుకుతోందో మూత తీయకుండా వాసన పట్టే ఆడదాని చూపు.

మూత తీస్తే బయటపడేది ఇది.

భర్త అల్లి ముగించిన టోపీని, అతను హుల్యాకా పడవెక్కిన మర్నాడు, రుఫీనా చేతుల్లోకి తీసుకుంది. వెలుగుకెదురుగా పెట్టి చూసింది. ముడికీ ముడికీ మధ్య ఆకాశం కనిపించింది. పుట్టువెంట్రుకలకి ముందు మామగారు నీళ్ళు పోస్తారు. సిరీలో చూస్తాడు. రేవులో చెబుతాడు. 'పిల్ల జల్లెడ' అన్నమాట ఎల్మెర్ నెత్తిమీద బొచ్చు తీసినా పోని బొచ్చులా మొలుస్తుంది. కొన విప్పి దారం లాగింది. మొత్తం లాగేసింది. దుంపల బస్తాల మధ్య కూచుని, దారాన్ని మెడ వెనకనుంచి తిప్పుకుని, మళ్ళీ అల్లింది.

ఆడది నూలు వడుకుతుంది. మగ్గం మీద నేస్తుంది. మొగుడి నడికట్టులో తన తలవెంట్రుకలు కలిపి నేస్తుంది. అల్లే సూదులు మాత్రం పట్టదు. దీవిలో సైకిలు ఒక్కటీ లేదు, అయినా ప్రతి మగాడి నడుముకీ సూదులుగా అరగదీసిన సైకిలు చువ్వలు నాలుగైదు ఉంటాయి. ఆడదాని చేతిలో అవి చూసినవాడు దీవిలో లేడు.

రుఫీనా తండ్రికి మగపిల్లలు లేరు. వానల్లో పొద్దుపోక, ఎదురుగా కూచున్న పిల్ల చేతికి రెండు చువ్వలిచ్చి, "నేను చేసినట్టు చెయ్యి," అన్నాడు. ఆయన కుడిచేత్తో చేశాడు. ఎదురుగా ఉన్న పిల్ల ఆయన చెయ్యి ఏ పక్కనుందో ఆ పక్క చేత్తోనే చేసింది, నీళ్ళలో నీడలా. పిల్ల పెద్దయ్యాక చువ్వలు లాక్కుని, "ఇంక మర్చిపో," అన్నాడు. ఆమె మర్చిపోయినట్టు నటించింది. అల్లింది ఎవరికీ చూపించే దారి లేదు గనక, ఎవరూ తిప్పి చూడలేదు గనక, తన టోపీ ఎడమకి నడుస్తుందని ఆమెకి ఇవాళే తెలిసింది. ఇంతకాలం తను ఏ పక్కకి నడుస్తోందో తనకే తెలియకుండా నడిచింది.

ఇప్పుడు ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను అల్లానంటే, 'పెళ్ళాం చేత టోపీ అల్లించుకున్నవాడు' అంటారు నజారియోని. దాని ముందు జల్లెడ అనేది బిరుదు. అల్లలేదంటే సిల్వానో. ఒకడి కొడుక్కి ఇంకొకడు టోపీ అల్లాడంటే, ఆ పైమాట అనడానికి ఊరికి అక్షరాలు రాకపోవు.

"జావ," అంది పెత్రోనా.

"ఆఁ?"

"మాడుతోంది."

*

రుఫీనా బయటికి వచ్చేసరికి నజారియో గోడ దగ్గరే కూచుని ఉన్నాడు. టోపీ మోకాలి మీద ఉంది. చేత్తో ముట్టుకోవడంలేదు.

"ఏమయ్యా."

"ఊఁ."

తండ్రి ఊఁ కొడుకు నోట్లోంచి వచ్చేసరికి ఆమెకి భయం వేసింది.

"నీ మనసులో ఏముందో అను. తిట్టు. అలా కూచోకు."

"తిట్టడానికి ఏముంది? టోపీ బాగుంది."

"నజారియో!"

"బాగుందనే కదా అంటున్నా. గట్టిగా ఉంది. నేను చచ్చి పుట్టినా అంత గట్టిగా అల్లలేను."

ఇంతలో ఇంట్లోంచి ఫౌస్తీనో దిగాడు. పండగ నడికట్టు కట్టాడు. కోకా ఆకు సంచి నిండుగా ఉబ్బి ఉంది. నడుముకి సగం అల్లిన తన టోపీ, చువ్వలతో సహా, మామూలుగా వేలాడుతోంది. ఆయన నిద్దట్లో కూడా దాన్ని తీయడని ఊళ్ళో చెప్పుకుంటారు. నిద్దట్లో మూడు వరసలు అల్లుతాడని ఆయనే చెప్పుకుంటాడు.

"ఎక్కడికి?" అంది పెత్రోనా.

"సిల్వానో ఇంటికి. కొట్లాటకి కాదులే. నాలుగాకులు చేతిలో పెట్టి, నాలుగాకులు పుచ్చుకుని, మర్యాదగా అడిగొస్తా. బాబూ, మా మనవడికి టోపీ అల్లింది నువ్వేనా, అయితే ఎందుకల్లావు, అని."

"దారిలో ఎవరైనా ఎక్కడికని అడిగితే?"

"అబద్ధం చెప్పను."

"నువ్వు?"

"అవసరమైన చోట చెప్పను," అని ముసలాయన వాకిలి వైపు నడిచాడు.

దారి కొండ వార రాతిమెట్ల మీదుగా పోతుంది. మెట్టుకొక ఇల్లు, ఇంటికొక నోరు. ఆయన సిల్వానో గుమ్మం చేరేలోపల సిల్వానోకి ప్రశ్న ముందే చేరిపోతుంది, జవాబుతో సహా.

రుఫీనా నజారియో వైపు చూసింది. ఆపుతాడేమోనని చూసింది. అతను ఆపలేదు. లేవలేదు. 'నా పెళ్ళాం అలాంటిది కాదు' అని నాలుగు మాటలు అనడానికి నోరు రాని మగాణ్ణి చూసి ఆమెకి ఏడుపు రావాలి. కోపం వచ్చింది.

నాలుగంగల్లో వాకిలి చేరింది. మామగారి దారికి అడ్డంగా నిలబడింది. ఆయన ఏదో అనేలోపల, నడుముకి వేలాడుతున్న అల్లిక చటుక్కున లాగేసింది.

"ఏయ్! ఏవిటే అది! చువ్వలు గుచ్చుకుంటాయ్!"

ఆమె వాకిట్లో, రాతిపలకల మధ్య, పట్టపగలు, నేలమీద చతికిలబడింది. దారం మెడ వెనకనుంచి తిప్పుకుంది. ముసలాయన వదిలేసిన చోటునుంచి మొదలుపెట్టింది.

నాలుగు ముడులు దాటాక చేతులు దారిలో పడ్డాయి. ఎరుపు పోగు, తెలుపు పోగు, ఎరుపు, తెలుపు. చువ్వల చప్పుడు మిడతలా సన్నగా వినిపించింది. అప్పటిదాకా బుద్ధిగా కుడికి నడుస్తున్న ఫౌస్తీనో గారి అల్లిక, అక్కడ ఠక్కున ఆగి, వెనక్కి తిరిగి, వచ్చిన దారినే ఎడమకి నడవసాగింది.

"నా టోపీ!" అన్నాడు ముసలాయన. "ఒసేయ్ పెత్రోనా, నా టోపీ వెనక్కి తిరిగింది! చూడు! గాడిదకి తేలు కుట్టినట్టు తిరిగింది!"

పెత్రోనా ముందే చూసింది. కదురు ఒళ్ళో పడేసి, అరచేత్తో నోరు మూసుకుని, ఆ చెయ్యి వెనక నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా చూస్తోంది.

ఫౌస్తీనో కేకలు వేస్తాడని రుఫీనా ఎదురుచూసింది. చువ్వలు లాక్కుంటాడనుకుంది. ఆయన వంగాడు. ఇంకా వంగాడు. చివరికి నేలమీద మోకాళ్ళేసి, ముక్కు అల్లికకి తగిలేంత దగ్గరగా పెట్టాడు. అరవై ఏళ్ళుగా అల్లుతున్న మనిషి, కొత్త పురుగుని చూసిన పిల్లాడిలా చూశాడు.

"ఎవరు నేర్పారే?"

"మా నాన్న."

"ఆయన ఎడంచేతివాటం కాదే?"

"కాదు."

"పక్కన కూచోబెట్టుకుని నేర్పాడా?"

"ఎదురుగా."

"ఎదురుగా!" ముసలాయన తొడ చరుచుకున్నాడు. "ఎదురుగా కూచోబెట్టి నేర్పాడట! ఒరే వియ్యంకుడా! కూతుర్ని అద్దంలో పెట్టి పెంచావురా!" నవ్వాడు. నవ్వుతూ దగ్గాడు. దగ్గుతూనే ఆమె అల్లిన ఆరేడు ముడుల్ని గోరుతో లాగి చూశాడు. ముడి కదల్లేదు. "చీమకి కూడా దారి లేదు. ఛీ. ఆడదాని చేతికి ఇంత బిగువేవిటే, సిగ్గులేకుండా!"

ఆ తిట్టులో ఉన్న పొగడ్తకి రుఫీనా ఒంట్లోకి ఊపిరి వచ్చింది. ఆ ఊపిరిలో నోరు జారింది.

"ఎందుకు చేశావే ఈ పని?" అని ఆయన అడగడమే తడవుగా, "నా కొడుకుని జల్లెడ కొడుకు అనకూడదని మావా," అనేసింది.

వాకిట్లో అందరూ ఒక్కసారే గోడ వైపు చూశారు.

నజారియో లేచి నిలబడి ఉన్నాడు. ముఖంలో ముందు ఏదో విప్పారింది. ఇన్నాళ్ళూ గొంతులో ఇరుక్కున్న ముల్లు దిగిపోయినవాడిలా, "నువ్వా," అన్నాడు. "నువ్వేనా!" తర్వాత ఆమె చివరిమాట అతని చెవిదాకా చేరింది కాబోలు, విప్పారింది మెల్లగా మూసుకుపోయింది.

"నేను అల్లింది ఏం చేశావు?" అన్నాడు.

"అదే దారం. విప్పి మళ్ళీ అల్లాను."

"మొత్తం విప్పావా?"

"మొత్తం."

"చూసి విప్పావా, చూడకుండా విప్పావా?"

ఆ ప్రశ్న ఆమెకి అర్థం కాలేదు. "చూశాను. నువ్వు వేసిన బొమ్మలే వేశాను. నక్షత్రాలు, ఆరు రేకుల పువ్వు, అంచు చుట్టూ పిట్టలు. ఒక్కటీ వదల్లేదు."

"ఎడమ చెవి పైన ఉన్నది?"

రుఫీనా ఆలోచించింది. పిట్టల బారులో, ఎడమ చెవి పైన... ఉంది. నిజమే, ఒకటి ఉంది. పిట్ట కాదు. పిట్టకి ఉండాల్సినన్ని కాళ్ళు కావు. ఒక పక్కకి ఒరిగి, ఒక ముడి ఎక్కువై, ఒక ముడి తక్కువై ఉంది. అది విప్పేటప్పుడు ఆమెకి నవ్వొచ్చింది కూడా. పాపం, లెక్క తప్పాడు అనుకుంది.

"అదా? అది పొరపాటనుకున్నా. ఆ చోట మంచి పిట్టని వేశాను."

"పొరపాటు కాదు."

"మరేంటి?"

నజారియో ఆ ప్రశ్న దాటేశాడు. "హుల్యాకా నుంచి వచ్చిన రోజే చూశాను. సంచి దించకుండానే టోపీ తీసి దానికోసం వెతికాను. లేదు. నాది కాదని అప్పుడే తెలిసింది. ఎవరిదో అడగలేదు."

"ఎందుకడగలేదు?"

"ఏ పేరు చెబుతావోనని."

"మరి ఇందాక ఆ గంతులేవిట్రా?" అంది పెత్రోనా.

"అమ్మా, వాడి నెత్తికి గట్టి టోపీ దొరికింది. గంతులు వేయక ఏం చెయ్యను? ఆ గంతులు వేసేవాడికి తెలుసు అవి ఎంత బరువో."

రుఫీనా లేవబోయింది. ఒళ్ళో మామగారి అల్లిక, మెడలో దారం. లేవలేకపోయింది.

నజారియో టోపీని తిరగేశాడు. కొనమీది కుచ్చు దగ్గర ముడి వెతికాడు. పళ్ళతో పట్టి కొరికాడు. దారం కొస దొరికింది. లాగాడు.

"ఒరేయ్!" ఫౌస్తీనో లేవడానికి రెండు చేతులూ నేలకి ఆనించాడు. "ఒరే నీకేమన్నా మతిపోయిందా! ఎల్లుండే ఆదివారం! సిరీలో ఈపాటికి కత్తెర నూరుతుంటాడు! బోడిగుండు మీద ఏం పెడతావు, నా చెప్పా?"

"ఎంతవరకు అయితే అంత పెడతా."

"కారుతుందిరా!"

"కారనీ."

"ఊరు నవ్వుతుందిరా!"

"దానికి అలవాటే."

దారం వస్తోంది. ఒక్కో వరసా టక్ టక్ టక్ మని ఊడి, పేడపురుగు దారిలా వంకీలు తిరిగి, రాతిపలకల మీద పడుతోంది. అంత బిగువైన అల్లిక, విప్పేటప్పుడు మాత్రం చెప్పిన మాట విన్నట్టు విడిపోతోంది. చీమకి దారి లేనిచోట ఇప్పుడు ఆకాశం వచ్చి కూచుంటోంది.

రుఫీనా కాస్సేపు చూసింది. మెడలోంచి మామగారి దారం తీసి పక్కన పెట్టింది. మోకాళ్ళ మీద జరిగి వచ్చి, నేలమీద పోగుపడుతున్న దారం కొస అందుకుంది. నాలుగువేళ్ళకి చుట్టి ఉండ కట్టసాగింది. అతను లాగుతున్నాడు, ఆమె చుడుతోంది. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

గొర్రెపిల్ల వెనక పరుగెత్తుకుంటూ ఎల్మెర్ వాకిట్లోకి వచ్చాడు. చిక్కులు పడిన పుట్టుజుట్టు భుజాల దాకా వేలాడుతోంది. తన టోపీ తండ్రి చేతిలో ఊడిపోతుండటం చూశాడు. ఏడుస్తాడని అందరూ అనుకున్నారు. వాడు దగ్గరికొచ్చి, తండ్రి చెవిలో చెప్పాననుకుని ఊరంతా వినేలా అడిగాడు.

"మనది మళ్ళీ వేస్తావా నాన్నా?"

"వేస్తా."

రుఫీనా చేతిలో ఉండ ఆగింది. "ఏంట్రా కన్నా అది? మీది ఏంటి?"

ఎల్మెర్ తల్లిని చూశాడు. తండ్రిని చూశాడు. రెండు అరచేతులూ ఒకదానిమీద ఒకటి పెట్టి నోరు మూసుకున్నాడు.

"అమ్మకి చెప్పవూ?"

చేతుల వెనకనుంచి తల అడ్డంగా ఊగింది.

"తాతకి?" అన్నాడు ఫౌస్తీనో, పరువు సంగతి మర్చిపోయి మెడ చాచి. వాడు నోటిమీది చేతులు ఇంకా బిగించాడు. "ఇదేం ఇల్లురా బాబూ, నా కడుపులో ఒక్క రహస్యం నిలవదు, నాలుగేళ్ళ వెధవ కడుపు నీళ్ళు పట్టేస్తోంది!"

తెలుపంతా అయిపోయింది. ఎరుపు మొదలైంది. నక్షత్రాలు పోయాయి, పువ్వు రేకు తర్వాత రేకు రాలిపోయింది. ఎడమ చెవి పైన ఆమె వేసిన మంచి పిట్ట, ముందు తల, తర్వాత రెక్క, వేళ్ళమధ్య నుంచి ఉండలోకి వచ్చేసింది. రుఫీనా చుడుతూనే ఆ చోటుకేసి కళ్ళార్పకుండా చూస్తోంది. ఎక్కువ కాళ్ళున్నది. ఒక పక్కకి ఒరిగి ఉన్నది. దాన్ని చూసే తను నవ్వింది.

"పేరు చెప్పొద్దులే," అంది గొంతు తగ్గించి. "ప్రాణం ఉన్నదో లేనిదో, ఆ ఒక్కటీ చెప్పు."

నజారియో లాగడం ఆపి కొడుకు వైపు చూశాడు. వాడు నోటిమీది చేతులు తీయకుండా, కళ్ళతోనే, వద్దన్నాడు.

నజారియో మళ్ళీ దారం లాగాడు.